నెల్లూరు తీరమున కాల్చిన దుంప

నెల్లూరు సీమ యనగానే మనకు వరి జ్ఞప్తికి వచ్చును. ఊరి పేరులోనే 'నెల్లు', అనగా వడ్లు, ఉన్నదని పలువురు చెప్పుదురు. మొలగొలుకుల బియ్యము ఆ సీమ కీర్తిని దూరప్రాంతములకు మోసికొనిపోయినది. పెన్న ఆనకట్టల క్రింది మాగాణులను చూచినవారికి, అచ్చట దుంపకును ఒక చరిత్ర కలదని చెప్పినచో వింతగా తోచవచ్చును. అయినను ఆ సీమకు రెండు ముఖములు కలవు. పడమట పైరుపచ్చని మాగాణి; తూర్పున ఉప్పుగాలి, ఇసుకదిబ్బలు, తాటితోపులు, పులికాటు సరస్సు, సముద్రము. ఈ తూర్పు ముఖమున, వరి పండని చోట, వరి కొనలేని వారి ఇంట, నిప్పులలో కాల్చిన దుంప ఎన్ని తరములను బ్రతికించినదో నేడు మేము విచారింప దలచితిమి.

ధాన్యము చరిత్ర వ్రాయుట సులభము. ధాన్యము కొలతకు లొంగును. పుట్టి, తూము, కుంచము, మానిక యని దానికి కొలతలు ఏర్పడినవి. కళ్ళములో రాశి పోసినప్పుడు రాజభాగము తీయవచ్చును. గాదెలో పోసి తాళము వేయవచ్చును. దేవాలయమునకు ఇన్ని పుట్లని రాతిమీద చెక్కింపవచ్చును. దుంపకు ఇవి యేవియు చెల్లవు. అది మన్ను క్రింద దాగియుండును. ఆకలి యైననాడు త్రవ్వుకొని, ఆ పూటకు కాల్చుకొని తినవలసినదే. చాలకాలము నిలువ చేయుటకు వీలులేదు. కరణముగారి కవిలెలోనికి ఎక్కుటయు లేదు. అందువలననే శాసనములందు వడ్ల మాట అడుగడుగునను కనబడును, దుంప మాట అరుదుగా వినబడును. లెక్క కెక్కని దానిని లేనిదానిగా తలంచుట చరిత్రకు తగని పని.

మొదట ఏ దుంపలు మనవి, ఏవి వలస వచ్చినవి అన్నది తేల్చుకొందము. 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి నెల్లూరు నేలిన మనుమసిద్ధి ఆస్థానమున నుండి, మహాభారతమున విరాటపర్వము మొదలు 15 పర్వములను తెనిగించెను. ఆ విరాటపర్వముననే భీమసేనుడు వలలుడను పేరుతో విరటుని వంటశాలలో చేరును. కాని ఆ కథను తెనుగున చెప్పిన మహాకవి కాలపు వంటింటిలో మిరపకాయ లేదు. బంగాళాదుంప లేదు. చిలగడదుంప లేదు. టమాటా, వేరుసెనగ యను మాటలే పుట్టలేదు. ఇవన్నియు అమెరికా ఖండమున పుట్టిన పంటలు. కొలంబసు 1492లో అట్లాంటికు దాటిన తరువాత, వాస్కో డ గామా 1498లో కోళిక్కోడు చేరిన తరువాత, ఓడలమీద మన తీరములకు వచ్చినవి. తిక్కనగారి కాలమున నాలుకకు కారము కావలెనన్న మిరియము, అల్లము గతి. దుంప కావలెనన్న కంద, చేమ, పెండలము గతి.

ఈ పాత దుంపలలో కందకును చేమకును ఒక దోషము కలదు. సరిగా ఉడకనిచో నోరు, గొంతు దురదపెట్టును. వానిలోని సూదులవంటి సన్నని స్ఫటికములు దానికి కారణమని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చింతపండు పులుసుతో ఆ దురద అణగునని మన పెద్దలు అనుభవము చేతనే కనుగొనిరి. 'కందకు లేని దురద కత్తిపీటకేల' యన్న సామెత వంటింటినుండి వచ్చినదే. పెండలమును మాత్రము తొక్కతో నిప్పులలో వేసి కాల్చిన హాయిగా తినవచ్చును.

తీరమున ఇంకొక ఆహారము కలదు. అది దుంప కాకున్నను దుంపవలెనే నేలలోనుండి వచ్చును, దుంపవలెనే కాల్చబడును. అవి తాటితేగలు, కొన్ని ఊళ్ళలో గేగులందురు. తాటిపండ్లు తిన్న తరువాత టెంకలను ఇసుకలో పాతరవేయుదురు. కొన్ని నెలలకు ఆ టెంకలనుండి మొలక నేలలోనికి దిగి, పిండితో నిండిన తేగ యగును. సంక్రాంతి నాటికి వానిని త్రవ్వి, కుండలో పేర్చి, కుండను బోర్లించి, చుట్టును చితుకులును ఎండుటాకులును వేసి కాల్చుదురు. మంట నేరుగా తేగను తాకదు. తేగలోని తేమయే దానిని మగ్గించును. నేటివారు 'ఓవెను' అని పిలుచు పెట్టె చేయు పని ఇదియే. ఇనుప పెట్టెయు, విద్యుత్తును లేకుండ, ఒక పాతకుండతో మన తీరవాసులు ఆ పనిని తరతరములుగా చేయుచున్నారు.

ఇక ఈ విద్యకు అసలైన ఆచార్యులను తలచుకొనవలెను. వారు యానాదులు. నెల్లూరు సీమ తీరమునను, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోట దీవియందును ఈ జాతివారు అనాదిగా నివసించిరి. 2011 జనాభా లెక్కలనాటికి ఆంధ్రదేశమున వారి సంఖ్య 5 లక్షలు దాటినది. వారు చేపలు పట్టుటలో, తేనె తీయుటలో, మూలికలు గుర్తించుటలో, పొలములలో ఎలుకలను పట్టుటలో నేర్పరులు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ భారత కులముల, జాతుల గ్రంథముయొక్క ఏడవ సంపుటమున వారినిగూర్చి విపులముగా వ్రాసెను. రెండు కట్టెలను రాపిడిచేసి నిప్పు పుట్టించు వారి విద్య అందులో వర్ణింపబడినది. నెల్లూరునకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారు తమ జీవితమును ఆ జాతి సేవకు అర్పించి, 1962లో 'ది యానాదీస్' అను ఆంగ్లగ్రంథమును వెలువరించిరి.

యానాదుల చేతి పనిముట్టు ముఖ్యముగా ఒక గట్టి త్రవ్వుకోల. దానికి మొన యుండును; అంతకుమించి ఆర్భాటమేమియు లేదు. అయితే ఆ కోలను ఎచ్చట గ్రుచ్చవలెనో తెలిసికొనుటయే అసలు విద్య. అడవిపెండలపు తీగె వానకాలమున చెట్లకు ప్రాకి, వేసవికి ముందే ఎండిపోవును. తీగె ఎండినప్పుడే దుంప బలిసియుండును. అనగా ఆకును చూచి గుర్తుపెట్టుకొన్నవాడు, ఆకు లేనినాడు త్రవ్వవలెను. కొన్ని దుంపలు నేరుగా కాల్చి తినదగినవి. కొన్ని చేదు, విషముకూడ. అట్టివానిని పలుచగా తరిగి, పారు నీటిలో ఒక రాత్రి నానవేసి, విషము కొట్టుకొనిపోయిన పిమ్మట వండవలెను. ఏది ఏ జాతిదో పొరబడినచో ప్రాణమునకే ముప్పు. పుస్తకము లేక, బడి లేక, తల్లినుండి బిడ్డకు నోటిమాటగా ఇంత శాస్త్రము నిలిచి వచ్చినది.

శ్రీహరికోట 1835లో సర్కారు వశమయ్యెను. అప్పటినుండి యానాదులు అడవిలోని తేనెను, మూలికలను, చిరివేరును సేకరించి తెచ్చి ఇచ్చి, బదులుగా ధాన్యము మొదలగునవి పుచ్చుకొను పద్ధతి ఏర్పడెను. చిరివేరు మన తూర్పుతీరపు అద్దకపు వస్త్రములకు ఎఱ్ఱరంగు నిచ్చిన వేరు. ఇసుక నేలలలో సన్నగా, లోతుగా దిగు ఆ వేరును విరుగకుండ తీయుటకును త్రవ్వుకోలయే ఆధారము. చూడుడు: వేరు బజారునకు పోయి రంగయ్యెను, కాగితమున కెక్కెను. దుంప మాత్రము నిప్పులలో మగ్గి, కడుపులోనికి పోయి, కాగితమునకు అందకుండ పోయెను.

ఈ పాత దుంపల నడుమకు క్రొత్తగా వచ్చిన అతిథులలో మొదటిది చిలగడదుంప. నెల్లూరు, రాయలసీమ ప్రాంతములలో దీనిని గెనుసుగడ్డ యందురు. తెలంగాణమున కందగడ్డ, మొరంగడ్డ అని వినబడును. దీని జన్మభూమి అమెరికా ఉష్ణమండలము. అచ్చటి కరిబియను దీవులవారు దీనికి పెట్టిన 'బటాటా' యను పేరు పోర్చుగీసువారి నోట పడి, ప్రపంచమంతయు తిరిగినది. చిత్రమేమనగా మహారాష్ట్రమున నేడు 'బటాటా' యన్న బంగాళాదుంప. ఆంగ్లభాషలోని 'పొటాటో' యను మాటయు దీనినుండియే పుట్టినది. 17వ శతాబ్ది తొలి పాదమున జహంగీరు పాదుషా కొలువునకు వచ్చిన ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో వెంట నుండిన ఎడ్వర్డ్ టెర్రీ, ఆసఫ్ ఖాన్ చేసిన విందులో 'పొటాటోలు' వడ్డింపబడినట్లు వ్రాసెను. అవి నేటి బంగాళాదుంపలు కావనియు, చిలగడదుంపలే కావలెననియు పలువురు పండితుల అభిప్రాయము. ఒక పేరు రెండు దుంపలకు చెల్లుటవలన చరిత్రలో ఎంత చిక్కు వచ్చునో దీనివలన గ్రహింపవచ్చును.

చిలగడదుంప తీరపు ఇసుక నేలతో తొందరగా చుట్టరికము కలుపుకొన్నది. దానికి కారణము కలదు. సముద్రపు ఒడ్డున ఇసుకదిబ్బలమీద మేకగిట్టవంటి ఆకులతో, ఊదారంగు పూలతో ప్రాకు తీగెను తీరవాసులందరు ఎరుగుదురు. ఆ ఇసుకతీగెయు, మన చెరువులలోని తూటికూరయు, చిలగడదుంపయు ఒకే కుటుంబమునకు చెందినవి. గుల్లనేలలో దుంప అడ్డులేక ఊరును. తీగె ముక్కను గ్రుచ్చిన చాలును, క్రొత్త పంట వచ్చును. విత్తనమునకై షావుకారు ఇంటి గుమ్మము ఎక్కనక్కరలేదు. గాలివాన వచ్చి నిలువెత్తు పైరును నేలపాలు చేసినప్పుడు, నేలలోని దుంప నిలిచి యుండును. 1989 నవంబరులో కావలి చెంత తీరము దాటిన పెనుతుపాను వంటివి ఎన్నియో చూచిన ఈ ప్రాంతమున ఇది చిన్న విషయము కాదు.

రెండవ అతిథి బంగాళాదుంప. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు. టిటికాకా సరస్సు పరిసరములందలి రైతులు వేల సంవత్సరముల క్రిందటనే దానిని సాగులోనికి తెచ్చిరి. 16వ శతాబ్ది ఉత్తరార్ధమున స్పెయిను దేశస్థులు దానిని ఐరోపాకు చేర్చిరి. మనకు అది వచ్చిన దారిని దాని పేర్లే చెప్పుచున్నవి. బంగాళాదుంప యన్న పేరు బంగాళదేశమువైపు వేలు చూపును. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములలో ఉర్లగడ్డ యందురు. అది తమిళులు ఉరుళైక్కిళంగు అను మాటకు బంధువు, గుండ్రముగా దొరలు గడ్డ యని భావము. తెలంగాణమున ఆలుగడ్డ, సంస్కృతమున 'ఆలుకము' అన్నది పూర్వము వేరు దుంపలకు చెల్లిన పేరు, క్రొత్త దుంప వచ్చి ఆ పాతపేరును ఆక్రమించినది. ఉత్తరమునుండి ఒక పేరు, దక్షిణమునుండి ఒక పేరు వచ్చి తెలుగునేలమీద కలిసికొన్నవి.

అయితే ఈ అతిథి తీరమున కాపురము పెట్టలేదు. బంగాళాదుంపకు చల్లని రాత్రులు కావలెను. రాత్రి వేడిమి 20 డిగ్రీలకు మించినచో మొక్క పెరుగును గాని నేలలో దుంప సరిగా ఊరదు. నెల్లూరు తీరమున అట్టి చల్లని రాత్రులు కొలదిదినములు మాత్రమే. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820 తరువాతి సంవత్సరములలో నీలగిరులపై ఐరోపా కూరగాయలతోపాటు దీనిని సాగు చేయించెను. ఉత్తర హిందూస్థానమున గంగా మైదానములందు చలికాలపు పంటగా వ్యాపించెను. 1949లో పాట్నాలో స్థాపింపబడి 1956లో సిమ్లాకు తరలిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ, మైదానములకు తగిన రకములను రూపొందించి ఆ వ్యాప్తికి తోడ్పడెను. అందుచేత నెల్లూరు వారికి చిలగడదుంప త్రవ్వుకొనునది, బంగాళాదుంప కొనుక్కొనునది. చెన్నపట్టణము నుండి నెల్లూరుమీదుగా బెజవాడకు రైలుమార్గము 1899లో పూర్తియైన తరువాత ఈ సరుకు రాకపోకలకు దారి సుగమమయ్యెను. ఆవిరి యింజన్ల కాలమున పెద్ద లోకోషెడ్డుతోను, ఆంగ్లో ఇండియను కుటుంబములతోను కళకళలాడిన బిట్రగుంట వంటి రైలు ఊళ్ళు ఆ మార్గమున వెలసినవే. పల్లెలో పండనిది పట్టణమునకు నాగరిక మగుట లోకరీతి. బంగాళాదుంప వేపుడు పెండ్లివిందులో చోటు సంపాదించినది. దానికంటె ముందు వచ్చిన గెనుసుగడ్డ మాత్రము పిల్లల చిరుతిండిగా, పేదల పొద్దుటి ముద్దగా మిగిలినది.

దుంప విలువ తెలియవలెనన్న కరవును చూడవలెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణ హిందూస్థానమును పట్టిన మహాక్షామమున అరకోటికి పైగా ప్రజలు మరణించిరి. నెల్లూరు సీమయు ఆ క్షామమునకు గురియయ్యెను. కరవు పనులలో భాగముగా చెన్నపట్టణమున అడయారు, కూవము నదుల నడుమ కాలువ త్రవ్వబడెను. నెల్లూరు తీరము వెంబడి సాగు ఆ ఉప్పుకాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో పెట్టబడెను. ఆ రోజులలో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌనన్న మన నేటి కొలతలో అర కిలోకు తక్కువే. మట్టి మోయు మనిషికి అది చాలదని ఆనాడే పలువురు మొరపెట్టిరి. ధాన్యము రైలు స్టేషనులందును, రేవులందును మూటలుగా నున్నను, కొనుటకు డబ్బు లేనివానికి అది లేనట్లే. అట్టివానికి అడవి, ఇసుకదిబ్బ, చెరువుగట్టు దిక్కు. అచ్చట ఏ తీగె క్రింద ఏమున్నదో ఎరిగినవాడు బ్రతికెను; ఎరుగనివాడు ఎరిగినవాని వెంట నడచెను. కరవుకాలమున అడవిదుంపలు తిని ప్రాణము నిలుపుకొనుట మన దేశమంతట పెద్దలు చెప్పుకొన్న మాటయే.

ఇచ్చట ఒక హెచ్చరికయు కలదు. దుంప దేవత కాదు. ఐర్లండు దేశమున పేదలందరు ఒక్క బంగాళాదుంపనే, అందులోను ముఖ్యముగా ఒకే రకమును నమ్ముకొనిరి. 1845లో దానికి తెగులు సోకి, పొలములు కొన్ని దినములలో నల్లబడి కుళ్ళినవి. 1852 వరకు సాగిన ఆ కరవున పది లక్షలమంది చనిపోయిరి. మరి పది లక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిరి. ఆ కాలముననే ధాన్యము ఐర్లండు రేవులనుండి ఎగుమతి యగుచుండెను. మన యానాదుల పద్ధతి దీనికి పూర్తిగా భిన్నము. వారు ఒక దుంపను నమ్ముకొనలేదు. ఈ నెల ఒక గడ్డ, ఆ నెల ఒక పండు, వానకాలమున చేప, కోతకాలమున ఎలుక కలుగులోని వరికంకులు. ఒకటి పోయిన మరియొకటి ఉండును. సాగుచేయువాని కంటె ఏరుకొని తినువాడు తెలివితక్కువవాడన్న తలంపునకు ఈ రెండు దేశముల చరిత్రను ప్రక్కప్రక్క పెట్టి చూచుటయే సమాధానము.

ఇంతకాలము నోరూరించి, వంటమాట చెప్పకుండ విడుచుట న్యాయము కాదు. కాల్చిన దుంపను అన్నములోనికో, రాగిసంగటిలోనికో ఆనుడుగా, కడుపు నిండునట్లు చేసికొను తీరును చెప్పెదము. దుంపలు ఇంచుమించు ఒకే పరిమాణము గలవి ఏరుకొనవలెను. లేనిచో ఒకటి మాడును, ఒకటి పచ్చిగా నుండును. బంగాళాదుంపయైన పచ్చబారినదానిని, మొలకలెత్తినదానిని తీసివేయవలెను; దానిలో విషపదార్థము చేరియుండును. మట్టి కడిగి, తడి ఆరనిచ్చి, తొక్క తీయక, చీపురుపుల్లతో నాలుగైదు పోట్లు పొడువవలెను. లోని ఆవిరికి దారి లేనిచో దుంప పగులును. మంట ఆరి, పైన నివురు గప్పి, లోపల నిప్పు కణకణలాడు వేళ దుంపలను అందులో పూడ్చవలెను. మంటలో వేసినవాడు పైన బొగ్గును, లోపల పచ్చిని తినును. పిడికెడు దుంపకు ముప్పావుగంట మొదలు గంట పట్టును. నడుమ ఒకసారి త్రిప్పవలెను. పుల్ల గ్రుచ్చిన వెన్నలోనికివలె దిగినప్పుడు తీయవలెను. ఇంటిలో ఓవెను గలవారు 200 డిగ్రీల వేడిమిలో ఇంతే సేపు ఉంచిన సరిపోవును.

చిలగడదుంప నిప్పులలో మగ్గినప్పుడు ఉడికించినదానికంటె తీయగా నుండుటకు శాస్త్రము కారణము చెప్పుచున్నది. దానిలో పిండిని చక్కెరగా మార్చు ఒక ద్రవ్యము కలదు. అది సుమారు 60 మొదలు 75 డిగ్రీల వేడిమి నడుమ చురుకుగా పనిచేయును. దుంప మెల్లగా వేడెక్కినచో ఆ ద్రవ్యమునకు పనిచేయుటకు వ్యవధి దొరకును. నీరును కొంత ఆవిరియై తీపి చిక్కబడును. సలసల కాగు నీటిలో తరిగివేసినచో ఆ వ్యవధి దొరకదు. తొందరపడని నిప్పు ఇచ్చు తీపి అది.

ఇక పైహంగులు. వేడి దుంపను నిలువున చీల్చి, చేతులతో కొంచెము నొక్కిన లోని గుజ్జు పువ్వువలె విచ్చుకొనును. అందులో ఉప్పు, ఒక చెంచా నేయి వేయవలెను. సన్నగా తరిగిన ఉల్లిపాయలను, పచ్చిమిరపకాయలను, కొత్తిమీరను చల్లి, నిమ్మరసము పిండవలెను. తీరవాసుల ఇంట ఇంకొక హంగు కలదు. ఎండురొయ్యలను తల, తోక తీసి, మట్టిమూకుడులో దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి చేర్చి దంచిన పొడి. ఆ పొడి ఉప్పులేని బంగాళాదుంపకు సముద్రపు రుచి తెచ్చును. శాకాహారులు దాని బదులు వేయించిన వేరుసెనగ పలుకుల పొడిని, గట్టి పెరుగును వేసికొందురు. తీపి గలది కనుక గెనుసుగడ్డకు చింతపండు పులుపు, కారము చక్కగా పొసగును. ఒక పెద్ద దుంప, గరిటెడు పెరుగు, ఇంత పొడి కలిసిన ఒక మనిషికి పూట గడచును.

ఈ చిన్న పళ్ళెరమును చరిత్రదృష్టితో మరల చూడుడు. దుంప ఆండీసుది, లేదా కరిబియను తీరమునది. మిరపకాయ అమెరికాది. వేరుసెనగయు అమెరికాదే. మనది మనది యనుకొను చింతచెట్టు ఎన్నడో ఆఫ్రికానుండి వచ్చినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. రొయ్య పులికాటుది. ఉప్పు తీరపు ఉప్పుకొఠారులది. ఇక కాల్చు విద్య? అది నేలను త్రవ్వి, కట్టెలు రాపాడించి నిప్పు చేసికొన్నవారిది. వచ్చిన ప్రతి క్రొత్త దుంపయు ఆ పాతనివురులోనే మన రుచి నేర్చుకొన్నది.

ఆ విద్యగలవారి గతి ఏమైనది? 1969లో శ్రీహరికోట రాకెట్టు కేంద్రమునకు ఎంపికయ్యెను. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను తొలి రాకెట్టు అచ్చటనుండి ఎగసెను. 2002లో ఆ కేంద్రమునకు సతీష్ ధవన్ పేరు పెట్టిరి. 2022లో సూళ్ళూరుపేట ప్రాంతము క్రొత్త తిరుపతి జిల్లాలో చేరెను. 2023 జూలైలో చంద్రయానము-3 ఆ దీవినుండియే చంద్రుని వైపు సాగెను. జాతికి గర్వకారణమైన ఘట్టము లివి; అందెవరికి సందేహము? కాని దీవిని దేశమునకు అప్పగించి, కాలువ దాటి, పలు యానాది కుటుంబములు వెలుపలి గ్రామములలో కాపురము పెట్టవలసివచ్చెను. ఇల్లు విడిచినవానికి మరియొక ఇల్లు ఇవ్వవచ్చును. ఎరిగిన అడవి విడిచినవానికి, ఏ చెట్టు మొదట ఏ గడ్డ ఊరునో తెలిసిన ఆ తెలివి మాత్రము వెంట వచ్చినను పనికిరాదు. త్రవ్వుటకు అడవి లేనప్పుడు తల్లి బిడ్డకు దేనిని చూపి నేర్పును? ఒక్క తరము త్రవ్వకున్న పేర్లు మరుగగును. పేర్లు మరుగైన విషపుదుంపకును తినుదుంపకును భేదము చెప్పువాడుండడు.

ఐక్యరాజ్యసమితి 2008వ సంవత్సరమును బంగాళాదుంప సంవత్సరముగా ప్రకటించి, ఆండీసు రైతులు కాపాడిన వేలకొలది రకములను ప్రపంచమునకు గుర్తుచేసెను. ఆ రైతులు తమ దుంపల పేర్లను మరువలేదు కనుకనే, తెగులు వచ్చినప్పుడెల్ల శాస్త్రజ్ఞులు తెగులుకు లొంగని జాతిని వెదకుకొనుచు ఆ కొండలకు పోగలుగుచున్నారు. మన పులికాటు తీరమున అట్టి సంపదకు కాపరులు యానాది పెద్దలు. వారిలో త్రవ్వుకోల పట్టినవారు ఇంకను కొందరు మన నడుమ నున్నారు. వారి చెంతకు పోయి, ఏ గడ్డ ఏ నెలది, ఏది నిప్పులో వేయదగినది, ఏది నీట నానవలసినది యని అడిగి, వారు చెప్పిన పేర్లను వారు చెప్పినట్లే వ్రాసికొనుట, అట్లు వ్రాసినదానిమీద హక్కును గౌరవమును వారికే ఉంచుట, నెల్లూరు సీమ కళాశాలలకు, పాఠశాలలకు కష్టసాధ్యమైన పని కాదు. గాదెల చరిత్రను మన పూర్వులు రాళ్ళమీద చెక్కించిపోయిరి. త్రవ్వుకోల చరిత్రకు రాయి దొరకలేదు. కాగితమైనను దొరకవలెను, అదియు ఆ పెద్దలు ఉన్నప్పుడే దొరకవలెను.